పెరియార్ అడవిలో ఒక దినము



కేరళ అనగానే మనలో చాలామందికి కొబ్బరితోటలు, సముద్రతీరం, కాలువల మీద తిరిగే పడవలు జ్ఞాపకం వస్తాయి. కానీ ఆ రాష్ట్రపు తూర్పు అంచున, తమిళనాడు సరిహద్దును ఆనుకొని, పడమటి కనుమల మీద ఏడాది పొడవునా పచ్చగా ఉండే వాన అడవులు కలవు. వాటిలో ఇడుక్కి జిల్లాలోని పెరియార్ అడవి ఒకటి. ఉదయం నుండి సాయంకాలం వరకు కొంత దూరం నడిచి, కొంత దూరం వెదురు తెప్ప మీద నీటిలో ప్రయాణించి ఆ అడవిని చూచే ఏర్పాటు అక్కడి అటవీశాఖవారు చేశారు. యాత్రికులకు దారి చూపేవారిలో కొందరు ఒకప్పుడు అదే అడవిలో దొంగతనంగా చెట్ల బెరడు ఒలిచి అమ్ముకున్నవారు! ఈ సంగతి విన్నాకనే మాకు ఆ అడవిని, ఆ మనుష్యులను చూడాలనే ఆశ కలిగింది.

పెరియార్ అనేది నది పేరు. కేరళలో అన్నిటికంటె పొడవైన నది ఇదే. ఆ నది పేరుతోనే 1950లో అక్కడ వన్యప్రాణుల అభయారణ్యం ఏర్పడింది. 1978లో దానిని పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. ఇప్పుడు దాని విస్తీర్ణం 925 చదరపు కిలోమీటర్లు. మన రాష్ట్రాల నుండి ఏటా ఎందరో ప్రయాణించే శబరిమల కూడా ఈ అడవి పడమటి భాగంలోనే ఉన్నది. మేము వెళ్ళినది తూర్పు వైపు, తేక్కడి అనే చోటికి. దానికి దగ్గర ఊరు కుమిళి.

కొండ క్రింద తెలుగు మాట

మదురై నుండి తేని, కంబం మీదుగా కుమిళికి బస్సులు ఉన్నాయి. ఈ కంబం మన చెరువు గల కంభం కాదు, తమిళనాడులోని తేని జిల్లా ఊరు. కొండల మధ్య ఉన్న ఆ లోయ అంతా వరిచేలు, కొబ్బరితోటలు, అరటితోటలు, ద్రాక్షపందిళ్ళు. ఆ ప్రాంతంలో కొన్ని వందల ఏండ్ల క్రితం వలస వచ్చి, నేటికీ ఇంటిలో తెలుగు మాట్లాడుకొనే కుటుంబాలు చాలా ఉన్నాయి. అటువంటి ఒక రైతు కుటుంబంవారి ఇంట నేనూ నా భార్యా ఒక రాత్రి ఉన్నాము. వారికి తెలుగు చదవడం, వ్రాయడం రాదు. మాటలో సగం అరవం కలుస్తుంది. అయినా "రాండి, కూర్చోండి, అన్నం తినండి" అనే పిలుపు మన ఊరిలో వలెనే ఉన్నది.

భోజనాల వేళ ఆ ఇంటి పెద్దాయన చేయి చాచి, చీకటిలో కనబడుతున్న కొండ వరుసను చూపించాడు. "అయ్యా, మా చేలో పడే వాన కొంచెమే. ఆ కొండకు అవతల పడే వానతో మేము అన్నం తింటాము" అన్నాడు. ఆయన మాటకు అర్థమేమిటో మరునాడు అడవిలో తెలిసింది.

పడమటి నది తూర్పుకు తిరిగిన కథ

పెరియార్ నది స్వభావముగా పడమటికి పారి అరేబియా సముద్రంలో కలుస్తుంది. కొండలకు పడమట వాన ఎక్కువ. తూర్పున మదురై వైపు వాన తక్కువ. మేఘాలు పడమటి వాలు మీదనే తమ బరువు దింపుకొని, తూర్పుకు వచ్చేసరికి తేలికైపోతాయి. పెరియార్ అడవిలో ఏడాదికి సుమారు 2000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మన అనంతపురంలో పడేది సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పోల్చి చూడండి!

1876లో మొదలై మన రాయలసీమను తుడిచిపెట్టిన ధాత కరువు గూర్చి పెద్దలు చెప్పగా వినియున్నాము. ఆ కరువు మదురై ప్రాంతాన్ని కూడా పీడించింది. పెరియార్ నీటిని కొండకు అడ్డంగా సొరంగం తవ్వి తూర్పుకు మళ్ళించాలనే ఆలోచన అంతకు పూర్వమే ఉన్నది. 1886లో తిరువాన్కూరు మహారాజుకును, బ్రిటిషు ప్రభుత్వానికిని 999 సంవత్సరాల కౌలు ఒప్పందం జరిగింది. 1887లో ముల్లపెరియార్ ఆనకట్ట పని ప్రారంభమైంది. జాన్ పెన్నీకుయిక్ అనే ఇంజనీరు దానిని నడిపించాడు. వరదలు వచ్చి కట్టిన కట్టడాన్ని కొట్టుకొనిపోయాయి. కలరా, మలేరియా వలన వందలాది మంది కూలీలు ఆ అడవిలోనే మరణించారు. చివరకు 1895లో సున్నమూ సుర్కీతో కట్టిన ఆ ఆనకట్ట పూర్తి అయినది.

ఆనకట్ట వెనుక నీరు నిలిచి, లోయ అంతా సరస్సు అయినది. తేని, మదురై మొదలుకొని రామనాథపురం వరకు పొలాలకు ఆ నీరు ప్రాణాధారమైనది. తేని ప్రాంతంలో నేటికీ రైతులు పెన్నీకుయిక్ పేరు తమ పిల్లలకు పెట్టుకుంటారు. అయితే ఆ లోయలో అంతకు ముందే నివసించుచున్న మన్నాన్, పలియార్ అనే గిరిజనులు నీరు పైకి వచ్చేకొలదీ తమ చోట్లు వదలి పైకి జరగవలసి వచ్చింది. ఒకరి పొలం తడవడానికి మరొకరి ఇల్లు మునిగినది. ప్రాజెక్టుల క్రింద ఊళ్ళు పోగొట్టుకొన్న మన వారికి ఈ మాట క్రొత్త కాదు.

ఉదయం ఎనిమిది గంటలకు

ముందుగా పేర్లు నమోదు చేసుకొన్నవారికే ఈ ప్రయాణంలో చోటు. ఒక జట్టుకు పది మందికి మించి తీసుకొనిపోరు. వారితో దారి చూపేవారు ఐదుగురు, తుపాకితో ఒక అటవీ రక్షకుడు వస్తారు. మా జట్టులో నేను, నా భార్య, మాకు అరవం తెలుగులో చెప్పడానికి వచ్చిన కంబం కుర్రవాడు, మరి కొందరు యాత్రికులు ఉన్నారు.

బయలుదేరక మునుపే అందరికీ మోకాళ్ళ వరకు వచ్చే మందమైన గుడ్డ మేజోళ్ళు ఇచ్చారు. ఇవి జలగల కోసం. వాటి పైన, చెప్పుల చుట్టూ కొంచెం ముక్కుపొడి చల్లారు. ఆ ఘాటుకు జలగలు దగ్గరకు రావట! "మా అమ్మమ్మకు ఈ సంగతి తెలిస్తే రోజూ అడవికి వచ్చేది" అని నా భార్య నవ్వింది. ప్లాస్టిక్ సంచులు లోపలికి తేకూడదు. కేకలు వేయకూడదు. ఎఱ్ఱ బట్టలు, తెల్ల బట్టలు కాక మట్టిరంగు, ఆకురంగు బట్టలు కట్టుకోవాలి. ముందు నడిచేవాడు చేయి ఎత్తితే ఎక్కడివారు అక్కడే నిలిచిపోవాలి. ఇవే నియమాలు.

అడవిలో అడుగుపెట్టగానే ఎండ తగ్గిపోయింది. మన వైపు అడవులలో వేసవి వస్తే ఆకు రాలి, ఆకాశం కనబడుతుంది. ఇక్కడ చెట్లు ఆకు రాల్చినా ఒక్కసారిగా రాల్చవు గనుక పైన పందిరి ఎప్పుడూ మూసుకొనే ఉంటుంది. అన్నిటికంటె ఎత్తైన చెట్లు ఒక వరుస, వాటి క్రింద మధ్యరకం చెట్లు ఒక వరుస, క్రింద నీడలో బ్రతికే మొక్కలు ఒక వరుస. కొన్ని చెట్లకు మొదట్లో వేళ్ళు పలకలవలె లేచి, గోడలవలె నిలబడి ఉన్నాయి. నేల లోతుగా సారం ఉన్నది కాదు, సారమంతా పైపైనే ఉంటుంది గనుక వేళ్ళు లోతుకు పోక ప్రక్కలకు ప్రాకుతాయి. ఆ పలకలే చెట్టును గాలికి పడిపోకుండా నిలుపుతాయి.

కాలి క్రింద రాలిన ఆకు మెత్తగా పరుపువలె ఉన్నది. దారి చూపే ఆయన వంగి ఆ ఆకుల పొరను చేతితో తీసి చూపించాడు. పై ఆకు పొడిగా ఉన్నది, దాని క్రిందిది తడిగా, ఆ క్రింద నల్లని మట్టి అయిపోయి ఉన్నది. గుప్పెడు మట్టి తీసి పిండితే నీరు కారింది. "ఐయా, వాన వెలిసినా ఇది తడి వదలదు. కొంచెం కొంచెంగా వాగుకు ఇస్తుంది. వాగు సరస్సుకు ఇస్తుంది" అన్నాడు. చెట్టు పోతే ఏమవుతుందని అడిగాను. వాన ఒక్కసారిగా మట్టిని కడుగుకొని దిగుతుందనీ, సరస్సు పూడిపోతుందనీ, ఎండకాలం వాగు ఎండిపోతుందనీ చెప్పాడు. రాత్రి కంబం పెద్దాయన చెప్పిన మాట అప్పుడు నాకు పూర్తిగా బోధపడింది. ఆ లోయలోని వరికి నీరు ఇచ్చేది ఆనకట్ట ఒక్కటే కాదు. ఆనకట్టకు నీరు ఇచ్చేది ఈ అడవి.

దారిలో ఏనుగు లద్దె చూశాము. దానిలో నుండి చిన్న మొలకలు లేచి ఉన్నాయి. ఏనుగు తిన్న పండ్ల గింజలు ఒక చోట నుండి మరొక చోటికి ఈ విధముగా విత్తబడతాయట. కొమ్మల మీద ఎఱ్ఱగోధుమ రంగులో, చాలా పెద్దదైన ఉడుత ఒకటి దూకింది. మన ఇంటి దగ్గర చారల ఉడుతను చూచినవారు దానిని ఉడుత అంటే నమ్మరు! నల్లని ఒళ్ళు, తలమీద పసుపుగోధుమ వెండ్రుకలు గల కొండముచ్చులు గుంపుగా కనబడ్డాయి.

ఒక చోట మా తల మీదుగా ఎవరో విసనకర్ర గట్టిగా విసురుతున్నట్టు శబ్దం వచ్చింది. అది పెద్ద ముక్కు గల హార్న్‌బిల్ పక్షి రెక్కల చప్పుడు. మలయాళంలో దానిని వేళాంబల్ అంటారు. కేరళ రాష్ట్ర పక్షి అదే. ఆడపక్షి గుడ్లు పెట్టే కాలంలో చెట్టు తొర్రలో దూరి, సన్నని సందు మాత్రం విడిచి, ద్వారం మూసుకొని కూర్చుంటుంది. మగపక్షి పండ్లు ఏరుకొని వచ్చి ఆ సందులో నుండి తినిపిస్తుంది. తొర్ర పడేంత పెద్ద చెట్టు ఉంటేనే ఆ పక్షికి సంసారం. పెద్ద చెట్టును నరికితే చిన్న మొక్క నాటి సరిపెట్టలేమని చెప్పడానికి ఇంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు.

తెప్ప మీద

రెండు గంటలకు పైగా నడచిన తరువాత సరస్సు ఒడ్డుకు చేరాము. అక్కడ వెదురు బొంగులు ప్రక్కప్రక్కన చేర్చి కట్టిన తెప్పలు ఉన్నాయి. కూర్చోవడానికి పైన వెదురుతోనే బల్లలు కట్టారు. మన్నాన్, పలియార్ గిరిజనులకు ఈ సరస్సులో చేపలు పట్టుకొనే హక్కు కలదు. వారు చేపలకు వెళ్ళడానికి కట్టుకొనేది ఇటువంటి తెప్పనే. ఇంజను లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. తెడ్డు నీటిలో పడే శబ్దం తప్ప మరేమీ వినబడదు.

తెప్ప ఎక్కే ముందు ప్రతి ఒక్కరూ నీటిలో తేలే కోటు తొడుగుకోవాలి. ఉక్కపోస్తుందని మాలో ఒకరు వద్దన్నారు. దారి చూపే ఆయన మెత్తని మనిషే గాని ఈ మాటలో మాత్రం కఠినంగా ఉన్నాడు. 2009 సెప్టెంబరు 30న ఇదే సరస్సులో ఒక విహార పడవ బోల్తాపడి 45 మంది మరణించారు. ఆ దినం గుర్తున్నవారికి వేరే హెచ్చరిక అక్కరలేదు. కోటు తొడిగేవరకు తెప్ప కదలలేదు.

సరస్సు నడుమ అక్కడక్కడ నల్లని మోడులు నిలిచి ఉన్నాయి. 1895లో నీరు వచ్చినప్పుడు మునిగిపోయిన చెట్ల మొండెములవి. నూటముప్పై ఏండ్లు గడిచినా ఇంకా నిలిచే ఉన్నాయి. వాటి మీద నీటికాకులు, పామువంటి మెడ గల మరొక జాతి పక్షులు రెక్కలు చాచి ఆరబెట్టుకొంటున్నాయి. ఒక ఒడ్డున నీటికుక్కలు నాలుగైదు ఆటలాడుతూ మమ్మును చూచి తలలెత్తాయి. మరొక వంపు తిరిగేసరికి ముందున్నవాడు తెడ్డు ఎత్తి పట్టుకొన్నాడు. అందరూ ఊపిరి బిగపట్టాము. దూరాన గడ్డినేల మీద ఆరు ఏనుగులు, వాటి కాళ్ళ మధ్య ఒక గున్న. తల్లి నీరు త్రాగినంతసేపు గున్న దాని కడుపు క్రిందనే నిలిచింది. తెప్పను దగ్గరకు పోనివ్వలేదు. మేమూ అడగలేదు.

బెరడు దొంగ కావలివాడైన విధం

మధ్యాహ్నం ఒక ఒడ్డున దిగి, తెచ్చిన భోజనం తిన్నాము. అప్పుడు దారి చూపే ఆయన తన కథ చెప్పాడు. వయస్సు యాభై దాటి ఉంటుంది. అరవం మాట్లాడతాడు. పేరు వ్రాయవద్దని కోరాడు గనుక వ్రాయడం లేదు.

ఈ అడవిలో వయణ అనే చెట్టు ఉన్నది. అది దాల్చినచెక్క జాతిది. దాని బెరడుకు మసాలా వ్యాపారంలో గిరాకీ ఉండేది. యువకుడుగా ఉన్నప్పుడు ఆయన మరికొందరితో కలిసి రాత్రివేళ అడవిలో దూరి, చెట్టు చుట్టూ బెరడు ఒలిచి, మూటలు కట్టి, తలమీద పెట్టుకొని కొండ దిగేవాడు. చుట్టూ బెరడు తీసిన చెట్టు ఎండిపోతుంది. తెచ్చినవానికి దక్కేది కొద్ది రూకలు, కొన్నవానికి దక్కేది అసలు లాభం. రక్షకులు వెంటపడేవారు, కేసులు పెట్టేవారు. "ఏనుగు భయం అడవిలో ఉన్నంతవరకే ఐయా. పోలీసు భయం ఇంటికి కూడా వచ్చేది. కుక్క మొరిగితే పెరటి తలుపు చూచుకొనేవాడిని" అన్నాడు.

1996 నుండి 2004 వరకు ప్రపంచ బ్యాంకు మొదలైనవారి సాయంతో భారత ప్రభుత్వం దేశంలో ఏడు రక్షిత అరణ్యాలలో ఒక పథకం నడిపించింది. అడవి అంచున బ్రతికేవారికి జీవనోపాధి చూపి, వారి చేతనే అడవిని కాపాడించాలని దాని ఉద్దేశ్యం. ఆ ఏడింటిలో పెరియార్ ఒకటి. 1990ల చివరలో ఇక్కడి అధికారులు బెరడు దొంగలతో కూర్చొని మాట్లాడారు. వారు దొంగతనం మానాలి, తమకు తెలిసిన దొంగదారులు చూపాలి. అందుకు బదులుగా వారికి పని ఇస్తారు. అట్లు ఏర్పడినదే మాజీ వయణ బెరడు సేకరణదారుల సంఘం. పగలు యాత్రికులను తీసుకొనిపోయి సంపాదిస్తారు, అడవిలో గస్తీ తిరుగుతారు. ఏ వాగు దగ్గర దొంగలు వంటచేసుకుంటారో, ఏ కనుమలో నుండి దిగుతారో వారికి తెలిసినట్టు మరెవరికి తెలుస్తుంది?

మొదట్లో ఊరివారు నమ్మారా అని అడిగాను. కొంతసేపు ఊరకున్నాడు. "మాకే నమ్మకం లేదు. పట్టుకొనడానికి పన్నిన వలేమో అనుకున్నాము. మొదటి నెల జీతం ఇంటిలో ఇచ్చినప్పుడు నా భార్య, ఇది ఎక్కడిది అని రెండుసార్లు అడిగింది" అన్నాడు. ఆ మాట నా భార్యకు అరవంలోనే అర్థమైనట్టున్నది. ఆమె కన్నులు తుడుచుకొన్నది.

పురుషులే కాదు. 2002 నుండి వసంతసేన అనే పేరుతో అంచు గ్రామాల స్త్రీలు వంతుల ప్రకారం కొద్దిమంది చొప్పున అడవి కావలి తిరుగుతున్నారు. వారు దానికి జీతం పుచ్చుకొనరు. పూర్వం వంటచెరకు కొరకు దూరిన అడవిలోనే వారు గందపుచెట్లను కాపాడుతున్నారు.

దీనితో అన్నీ తీరిపోయాయని కాదు. అంచు పొలాలలో అడవి పందులు, ఏనుగులు పంట పాడుచేయడం ఆగలేదు. నూరేండ్లు దాటిన ఆనకట్ట బలం గూర్చి కేరళ, తమిళనాడుల మధ్య వివాదం ఉన్నది. నీటిమట్టం 142 అడుగుల వరకు ఉంచవచ్చని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినా ఆ భయాలు పోలేదు. కానీ చెట్టు సంగతిలో ఒక దారి దొరికింది.

మన కొండల మాట

తిరిగి వస్తున్నప్పుడు మా సంభాషణ అంతా మన అడవుల మీదికి పోయింది. శేషాచలం కొండలలో ఎఱ్ఱచందనం నరికే కూలీ సంగతి ఆ బెరడు మోసిన యువకుని సంగతి వంటిదే. ప్రాణం కూలీది, లాభం మరొకరిది. నల్లమలలో మాత్రం చెంచులు పులుల రక్షణలో కావలివారుగా పనిచేస్తున్నారు. మారేడుమిల్లిలో గిరిజనుల వన సంరక్షణ సమితివారు యాత్రికులకు వసతి చూస్తున్నారు. అడవిని ఎరిగినవారికి అడవి అప్పగిస్తే అది నిలుస్తుందనడానికి మన దగ్గర కూడా గుర్తులు ఉన్నాయి. గొడ్డలి పట్టిన చేతిని కట్టివేస్తే కొంతకాలమే. ఆ చేతికి పని, నమ్మకం రెండూ ఇస్తే ఎంతకాలమైనా కాపాడుతుంది.

వెళ్ళగోరేవారికి కొన్ని మాటలు. అక్టోబరు నుండి మార్చి వరకు అనుకూలమైన కాలం. వర్షాలు ఎక్కువైతే ప్రయాణం ఆపివేస్తారు. అటవీశాఖ కార్యాలయంలో ముందుగానే చోటు, రుసుము, వయస్సు నియమాలు విచారించుకోండి. పిల్లలను, పెద్దవారిని తీసుకొనిపోయేటప్పుడు ఇది తప్పనిసరి. మోకాళ్ళ నొప్పులున్నవారికి నడక కష్టం. మార్చుకొనడానికి ఒక జత బట్టలు, త్రాగే నీరు, గట్టి చెప్పులు ఉండాలి. జంతువులు కనబడతాయని ఎవరూ మాట ఇవ్వలేరు. కానీ ఆ మట్టిని ఒకసారి చేతిలోకి తీసుకొని పిండి చూడండి. కొండ క్రింద చేనుకు నీరు ఎక్కడనుండి వస్తున్నదో మీ పిల్లలు ఎన్నటికీ మరువరు.